గేదెతో చెప్పిన కబుర్లు

మా ముత్తాత మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాత, మునసబు. తాతని ఊళ్లో పడవ మునసబు గారు అనేవారు. శిస్తు వసూలుకి కొల్లేటి లంకలన్నిటికీ సొంత పడవ మీద, పైన తాటాకు గూడు వేయించుకుని, లోపల పరుపు మీద కూర్చుని వెళ్లేవారు కనుక ఆ పేరు. మా నాన్న ఆఖరి మునసబు. ఆయన హయాంలోనే ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో మునసబులందర్నీ ఇంటికి పంపింది. ఆ రోజు కూడా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అరుగు మీద కుర్చీలో సాయంత్రం దాకా కూర్చున్నారని మా మేనత్త చెప్పేది. ఎవరూ రాలేదుట. ఆ తర్వాత కొన్నేళ్లకి తాతగారి పడవ చెక్కలు అమ్ముడుపోయి పక్కింటి పశువుల పాకకి గోడ అయ్యాయి. వాళ్లందరి నుంచీ నాకు దక్కినవి రెండే: వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు, దాన్ని చూసి నవ్వుకునే భార్య.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్పవలసి వస్తోందంటే, పోయిన నెల నా భార్యతో కలిసి తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనం అయి, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నిలబడి ఉండగా, పక్క కుళాయి దగ్గర ఒక ముసలాయన నన్ను తేరిపార చూశాడు. నేను ఆయన్ని అంతకు ముందే గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు నిలబడ్డాను. మా పాత ఊరి సంఘం పెద్ద. మనిషి చిక్కిపోయాడు గాని గొంతు మారలేదు, అదే మెత్తదనం.

"మునసబు గారి అబ్బాయి కదండీ. బాగున్నారాండీ," అన్నాడు. "అప్పట్లో ఏదో జరిగిపోయిందండీ. మీరేం మనసులో పెట్టుకోకండి."

నా చేతికి ఇంకా పప్పు అంటుకునే ఉంది. ఏదో జరిగిపోయిందట. జరిగిపోవడానికి అది తుపానా? చూరు కింద వాన జల్లా? ఊరి పెద్దలు కూర్చుని, వక్కాకు నములుతూ, ఒక ఇంటి గుమ్మం మీద నోరు మూసే తాళం వేశారు. అది జరిగిపోయినది కాదు, చేసినది. ఆయనకి నేనేం జవాబు చెప్పానో తర్వాత చెబుతాను. ముందు ఆయన మర్చిపోయినదేమిటో చెప్పాలి.

మా ఊరు ఏలూరు నుంచి కొల్లేటి వైపు వస్తే, కంకర రోడ్డు అయిపోయాక కాస్త దూరం గట్టు మీద నడిచి చేరుకునే లంక ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. చుట్టుపక్కల వరి చేలన్నీ ఒక్కటొక్కటే చేపల చెరువులు అవుతున్న కాలం. పొద్దున్న లేచేసరికి ఒక చేను కనపడేది కాదు. దాని చోట కొత్తగా తవ్విపోసిన గట్టు, గట్టు మీద మేత బస్తాలు, కాపలా గుడిసె. డబ్బు వస్తోంది కదా అని ఎవరూ నోరు మెదపలేదు. చెరువుల నీళ్లు కలిసి బావుల్లో నీళ్లు చేప కంపు కొట్టడం మొదలయ్యాక, ఏలూరు నుంచి సైకిళ్ల మీద మంచినీళ్ల డబ్బాలు తెచ్చుకుని, ఆ నీళ్లతో కాఫీ పెట్టుకుని, చెరువుల లాభాల గురించి మాట్లాడుకునేవారు.

ఒక సాయంత్రం సంఘం పెద్ద మరో ముగ్గురిని వెంటబెట్టుకుని మా అరుగు ఎక్కాడు. మా తాత హయాంలో ఆ అరుగు ఎక్కడానికి మూడు తరాల పరిచయం కావాలి. సరే, ఎక్కాడు.

"ఏం లేదండీ, ఊరంతా ఒక మాట అనుకున్నామండీ," అన్నాడు. "తూర్పు పక్క చేలన్నీ కలిపి ఒకటే పెద్ద చెరువు కొట్టిద్దామని. మధ్యలో అమ్మగారి రెండెకరాలూ ఉండిపోయాయండీ. అవి కూడా కలిపేస్తే గట్టు తిన్నగా వస్తుందండీ."

అమ్మగారంటే మా మేనత్త. చిన్న వయసులో భర్త పోయి, పుట్టింటికి వచ్చి, మా నాన్ననీ తర్వాత నన్నూ పెంచిన మనిషి. ఆ రెండెకరాలూ ఆమెకి మా తాత పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చేను. నాన్న పోయాక మా కుటుంబానికి మిగిలిన భూమి కూడా అదొక్కటే. తలుపు వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"మా నాన్న ఇచ్చిన చేను నాయనా అది. అందులో అన్నం పండుతుంది. నేనుండగా దాంట్లో చేప పిల్లల్ని పోయనివ్వను."

"అలాగంటే ఎలాగండీ, ఊరి మాట కదండీ."

"ఊరికి నోరుంది, నాకూ ఉంది. అడిగారు, చెప్పాను. కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ తాగే వెళ్లారు. అదే నాకు ఇప్పటికీ మంట. ఆ కాఫీ గ్లాసులు కడిగి బోర్లించేలోపు వీధిలో టముకు మోగింది. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పూ నీళ్లూ ఇవ్వకూడదు, పనికి వెళ్లకూడదు, పడవ ఎక్కించుకోకూడదు. మాట మీరిన వాళ్లు తప్పు కట్టాలి. తప్పు కట్టడమంటే మా వైపు జరిమానా ఇవ్వడం. ఒకప్పుడు ఆ టముకు మా అరుగు మీద నుంచే బయలుదేరేది. ఇప్పుడు మా అరుగు ముందుకి వచ్చి ఆగింది. టముకు కొట్టేవాడు మా గుమ్మం ముందు గొంతు తగ్గించి, "ఇక్కడ కొట్టకపోతే ఒప్పుకోరండీ బాబూ, ఏమీ అనుకోకండి," అని, మళ్లీ గొంతు పెంచి చాటింపు మొత్తం వేసి వెళ్లాడు.

మా గోదావరి జిల్లాల మర్యాద గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకునేవాణ్ణి. వెలి వేయడం కూడా అండీ పెట్టి వేయవచ్చని అప్పుడే తెలిసింది. కొట్టతను త్రాసు వైపు చూస్తూ, "సరుకు లేదండీ," అనేవాడు, అతని వెనక బస్తాలు కప్పు దాకా ఉండగా. మంగలి నన్ను చూసి కత్తి పెట్టె మూసేసి, "కాస్త పనుందండీ," అని తన పనికి తనే ఆశ్చర్యపోతూ లేచిపోయేవాడు. కేబుల్ కుర్రాడు నిచ్చెన వేసుకుని వచ్చి, "ఏమీ అనుకోకండి," అంటూ తీగ కోసి, కోసిన తీగని మడిచి, మా గేటుకి జాగ్రత్తగా చుట్టి వెళ్లాడు. ఇంతమంది ఏమీ అనుకోవద్దన్నారు. నేను మాత్రం అన్నీ అనుకున్నాను. అరుగు మీద కూర్చుని, వీపు నిటారుగా పెట్టుకుని, వరసగా అనుకున్నాను.

బతకడానికి ఏమీ కొదవ లేదు. ఉప్పూ పప్పూ ఏలూరులో దొరుకుతాయి. సైకిల్ మీద వెళ్లి తెచ్చేవాణ్ణి. గడ్డం నేనే గీసుకోవడం నేర్చుకున్నాను. నాట్లకి పెదవేగి వైపు నుంచి ట్రాక్టరులో కూలీలను పిలిపిస్తే, గట్టు మొదట్లోనే పెద్దలు వాళ్లని పలకరించి, మర్యాదగా మంచినీళ్లిచ్చి వెనక్కి పంపేశారు. అప్పుడు నేనూ నా భార్యా దిగాం. ఆమె చీర ఎగ్గట్టి నారు కట్ట అందుకుంటూ, "మీ తాతగారు చూస్తే పరుపు తెప్పించేవారు," అంది. రెండెకరాలూ ఎన్నాళ్లు నాటామో చెప్పుకోవడం నాకిష్టం లేదు.

అయితే ఏలూరు బజారులో దొరకనిది ఒకటుంది. పలకరింపు. నాకు దాని లోటు అంతగా తెలియలేదు. నేను సహజంగానే తక్కువ మాట్లాడతాను, ఎక్కువ అనుకుంటాను. మా అత్తకి మాత్రం మాటే ఆహారం. పెరటి కంచెకి ఒక చోట కంది కంప విరిగి, మనిషి కూర్చుంటే అవతలి మనిషి మొహం కనపడేంత సందు ఉండేది. ముప్ఫై ఏళ్లుగా రోజూ భోజనాలయ్యాక ఆ సందుకి ఇవతల అత్త, అవతల పక్కింటి పిన్ని కూర్చునేవారు. పిన్ని అంటే రక్తసంబంధం కాదు, ఊరి వరస. నేను పిన్నీ అంటాను కనుక అత్తకి ఆవిడ మరదలు. బియ్యంలో రాళ్లు ఏరుతూ, చింతపండు ఈనెలు తీస్తూ, ఊరి సంగతులన్నీ ఆ సందులోంచి అటూ ఇటూ దాటేవి. పెళ్లిళ్లు అక్కడే కుదిరేవి, కొన్ని అక్కడే చెడిపోయేవి.

టముకు పడ్డాక పిన్ని ఆ సందు దగ్గరికి రాలేదు. ఆవిడ భర్తకి సంఘం చెరువులో వాటా ఉంది. ఆయన భయం ఆయనది. అత్త మాత్రం రోజూ వేళకి చేట పట్టుకుని వెళ్లి కూర్చునేది. బియ్యం ఏరడం అయిపోయేది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. నేను ఒక రోజు ఉండబట్టలేక, "వెళ్లి ఆ పెద్దల ముందు తప్పయిందని ఒక్క మాట అనేసి వస్తానత్తా," అన్నాను.

అత్త చేట కింద పెట్టింది. "నా నోరు ఊరుకోలేకపోతోందని నువ్వు తల వంచకురా. నేనే ఊరుకోవడం నేర్చుకుంటాను."

నేర్చుకుంది. అదే నన్ను భయపెట్టింది. పొద్దున్న లేచి పాలవాణ్ణీ, పిల్లినీ, దేవుణ్ణీ ఒకే వరసలో మందలించే మనిషి పెదవి కదపడం మానేసింది. కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేది. నా భార్య నన్ను పక్కకి పిలిచి, "ఇలా అయితే ఈ ఏడు దాటదండీ," అంది. చేను నిలబడుతుంది, నా వెన్ను నిలబడుతుంది, మనిషి పోతుంది. పెద్దలకి ఆ లెక్క బాగా తెలుసు. అందుకే వాళ్లు మా మీద చెయ్యెత్తలేదు. కూర్చుని వేచి చూశారు.

అప్పుడు గేదె వచ్చింది.

పిన్ని గేదెని ఎప్పుడూ తన పాక ముందు, అంటే మా తాతగారి పడవ చెక్కల గోడ పక్కన కట్టేది. ఆ మధ్యాహ్నం దాన్ని తోలుకొచ్చి కంచె సందు పక్కనే గుంజ పాతి కట్టింది. మా వైపు వీపు పెట్టి నిలబడి, దాని మెడ గోకుతూ, వీధి చివర దాకా వినపడే గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమే, విన్నావా? నిన్న సీరియల్లో ఆ పెద్దకోడలు ఇంట్లోంచి వెళ్లిపోయిందే. అత్తగారే పెట్టె సర్ది పంపింది. నాకు ముందే తెలుసు. నీకూ చెప్పాను కదే, ఆ అత్తగారి చూపు మంచిది కాదని."

గేదె నెమరు వేసింది. ఇవతల మా అత్త చేతిలో చేట ఆగిపోయింది. ఆ సీరియల్ కేబుల్ కోసిన రోజు నుంచీ ఆమెకి అందలేదు. పిన్ని ఆ రోజు దాకా జరిగిన కథంతా పూస గుచ్చినట్టు గేదెకి చెప్పి, నడుమ నడుమ ఊళ్లో ఎవరికి జ్వరం, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లింది, కొట్లో చక్కెర ఎంత తడిగా ఉంది, అన్నీ కలిపి చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మునసబు గారి ఇంటికి కబురు రావాలంటే ఒకప్పుడు గుమస్తా వచ్చేవాడు, తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు గేదె మీదుగా రావాలా? నేను పెరట్లోకి వెళ్లి, "పిన్నీ, చెప్పదలుచుకుంటే గుమ్మంలోకి వచ్చి చెప్పాలి. ఇదేం పద్ధతి?" అన్నాను.

పిన్ని తల తిప్పలేదు. గేదె చెవిలో జోరీగని తోలుతూ, "చూశావటే, కొందరికి కోపం ఎంత తొందరో. మునసబు గారింట్లో అది కూడా పసుపు కుంకుమల కిందే ఇస్తారు కాబోలు," అంది.

వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది. మా అత్త నవ్వుతోంది. చేట ఒళ్లో పెట్టుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. నేను లోపలికి వచ్చేశాను. ఆ రాత్రి ఆమె పెరుగన్నం రెండోసారి అడిగి వేయించుకుంది.

మర్నాటి నుంచి అత్త కూడా దారి కనిపెట్టింది. మాకు గేదె లేదు. అమ్మేసి చాలా కాలమైంది. కాని కంచె పక్కనే రుబ్బురోలు ఉంది. "ఏమే రోలూ," అని మొదలుపెట్టేది. అవతల గేదె ఒక సంగతి వింటే, ఇవతల రోలు దానికి జవాబు వినేది. కొన్నాళ్లకి ఆ రెండూ బాగా స్నేహమయ్యాయి. నా నాట్ల మీద తీర్పు కూడా అలాగే వచ్చింది. "ఏమే, ఆ తూర్పు చేలో నాట్లు చూశావా? తాగినవాడు నడిచినట్టున్నాయి. కుదుళ్లు మరీ దగ్గరగా పెడితే పైరుకి దోమ పడుతుందని ఎవరైనా చెబితే బాగుండును," అంది పిన్ని గేదెతో. నేను రెండు రోజులు పౌరుషంగా ఊరుకుని, మూడో రోజు వెళ్లి కుదుళ్లు సర్దాను.

సంగతి పెద్దల చెవిన పడకుండా ఎలా ఉంటుంది? పిన్నిని పిలిపించారు. ఆ ముచ్చట మర్నాడు గేదెకి చెబుతుండగా మేమూ విన్నాం.

"కూర్చోబెట్టి అడిగారే. ఆ ఇంటితో మాట్లాడుతున్నావంటమ్మా అన్నారు. లేదండీ, మా గేదెతో మాట్లాడుకుంటున్నానండీ అన్నాను. గట్టిగా మాట్లాడుతున్నావంట అన్నారు. దానికి చెముడండీ అన్నాను. గేదెతో మాట్లాడకూడదని కూడా టముకు వేయిస్తారా అండీ, వేయించండి, మా ఆయనతో మాట్లాడతాను, ఆయనకి ఇంకా చెముడు అన్నాను."

తర్వాత వీధి వీధంతా ఆ విద్య పట్టుబడింది. ఎదురింటావిడ బుట్ట కింద కోడికి మా అత్త మోకాళ్ల నొప్పికి ఏ నూనె మంచిదో చెప్పేది. చివరింటాయన సైకిలు తుడుస్తూ, ఏలూరులో ధాన్యం రేటు ఎంతుందో సైకిలుకి చెప్పేవాడు. అన్నిటికంటే గొప్పది పేటలోని టీచరమ్మ గారి పద్ధతి. పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రం ప్రార్థనకి చర్చి మైకు ఆవిడ చేతిలో ఉండేది. నీళ్ల మీద మైకు మాట చాలా దూరం పోతుంది. "ప్రభువా, కాలవ పక్క పెంకుటింటిలోని పెద్దమ్మ గారిని జ్ఞాపకం చేసుకొనుము. ఆమెకు కిరసనాయిలు అయిపోయినదని మాకు తెలిసినది. మా వెనక గుమ్మం దగ్గర డబ్బా పెట్టబడినది. ఆమె ఇంటివారికి ఆ త్రోవ చూపుము," అనేది. ప్రార్థనకి తప్పు వేసే ధైర్యం ఏ పెద్దకీ లేకపోయింది. నేనే వెళ్లి ఆ డబ్బా తెచ్చాను. తెచ్చేటప్పుడు ఎవరైనా చూస్తున్నారా అని చూశాను. అందరూ చూస్తున్నారు; ఎవరూ చూడనట్టున్నారు.

ఇంత జరుగుతున్నా నేను మాత్రం గేదెతో ఒక్క మాట మాట్లాడలేదు. అత్త మాట్లాడింది, నా భార్య మాట్లాడింది. నేను మునసబు గారి మనవణ్ణి. తప్పు చేసినవాళ్లు దర్జాగా వీధిలో నడుస్తుంటే, నేను పశువుతో మాట్లాడి బతకాలా అని నా బాధ.

ఆ ఏడు వానలు ముంచేశాయి. పైనుంచి వాగులన్నీ కొల్లేటిలోకి దిగాయి. చేపల చెరువుల గట్లు అడ్డం నిలిచి నీళ్లు కదలక ఊరి చుట్టూ పెరిగాయి. గట్టు బాట మునిగిపోయింది. టెలిఫోను తడిసి నోరు మూసుకుంది. బయటికి పోవాలంటే పడవే దిక్కు, పడవలన్నీ సంఘానివి. సరిగ్గా అప్పుడే అత్తకి జ్వరం తగిలింది. మొదట మామూలు జలుబనుకున్నాం. తర్వాత దగ్గు, ఆ తర్వాత ఆయాసం. ఊపిరి తీస్తుంటే గది అవతలికి వినపడేది. ఏలూరు ఆసుపత్రికి చేర్చకపోతే దక్కదని మా ఇద్దరికీ అర్థమైపోయింది.

నేను అరటి బోదెలు నరికి తెప్ప కట్టాను. మా వంశంలో పడవ ఎక్కినవాళ్లే గాని నడిపినవాళ్లు లేరు. గెడ వేసి రెండు బారలు పోయానో లేదో, తెప్ప గుండ్రంగా తిరిగి, తిరుగుతూనే విడిపోయింది. బోదెలు నాలుగు దిక్కులకీ పోయాయి. నేను నడుములోతు నీళ్లలో నిలబడ్డాను. అవతల ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

సంగతి తెలిసి సంఘం పెద్ద కబురు పంపాడు. ఎంత మర్యాద. "అమ్మగారికి బాగోలేదని తెలిసి బాధపడ్డామండీ. బాబు గారు ఒక్కసారి వచ్చి తప్పయిందని చెప్పి, చేను విషయం ఒప్పుకుంటే, యంత్రం పడవ గుమ్మంలోకి పంపుతామండీ." ఆ వచ్చినవాడి మెడ పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. లోపలికి వెళ్లి ఉత్తరీయం భుజాన వేసుకున్నాను. అత్త మంచం మీద నుంచి నా ఉత్తరీయం కొస పట్టుకుంది. మాట్లాడే ఊపిరి లేదు. తల అడ్డంగా ఊపింది. వదలదు. ఆ ఒంట్లో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. నా భార్య అప్పుడు మెల్లిగా అంది: "వాళ్ల దగ్గర తల వంచడానికి సిద్ధపడ్డారు కదా. గేదె ముందు వంచితే మీ సొమ్మేం పోతుంది?"

నేను పెరట్లోకి వెళ్లాను. పిన్ని పాలు పితుకుతోంది. గేదె మా తాతగారి పడవ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నీళ్లు దాని గిట్టల దాకా వచ్చాయి. నేను కంచె సందు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను. జీవితంలో మొదటిసారి ఒక పశువుని సంబోధించాలి, ఎలాగో తెలియలేదు. అలవాటు కొద్దీ మర్యాదే వచ్చింది.

"ఏవండీ," అన్నాను గేదెతో. "మా అత్తకి ఊపిరి అందడం లేదండీ. ఏలూరు తీసుకెళ్లాలి. నాకు పడవ నడపడం రాదు."

పిన్ని చేతిలో పాలధార ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. తల గేదె కడుపుకి ఆనించి, అలాగే అంది: "రేపు తెల్లారగానే మేతకి పోదామే. అవతలి గట్టున గడ్డి బాగుందట. దోనె కూడా కట్టుకుపోదాం. దోనెలో ఒక పరుపు వేసుకుంటే గడ్డి మెత్తగా ఉంటుంది."

వరద రోజుల్లో పిన్ని పని పద్ధతి అది. తాటి మొద్దు తొలిచిన దోనెకి తాడు కట్టి, ఆ తాడు గేదె మెడకి తగిలించి, లోతు నీళ్లలో అవతలి మెరకకి తోలుకుపోయేది. కోసిన గడ్డి దోనెలో వేసి తిరిగి తెచ్చేది. ఊరందరికీ తెలిసిన పని. ఆ సాయంత్రం చర్చి మైకులో టీచరమ్మ గారు, "ప్రభువా, రేపు ఉదయము అవతలి రోడ్డు మొదట్లో ఆటోతో నిలబడబోవు మా తమ్ముని కుమారుని దీవించుము. అతడు ఆలస్యముగా లేచువాడు, అతనిని త్వరగా లేపుము," అని రెండుసార్లు ప్రార్థించింది.

తెల్లారింది. నేనూ నా భార్యా అత్తని పరుపుతో సహా ఎత్తి, కంచె సందు పక్కన, రాత్రి పెరిగిన నీళ్లలో ఖాళీగా ఊగుతున్న దోనెలో పడుకోబెట్టాం. పిన్ని మా వైపు చూడలేదు. గేదె మెడ తట్టి, "పద," అంది. నా భార్య అత్త తల దగ్గర కూర్చుంది. నేను దోనె అంచు పట్టుకుని గుండెలోతు నీళ్లలో వెనక నడిచాను. పడవ మునసబు గారి కూతురు గేదె లాగే దోనెలో, ఆయన మనవడు గేదె వెనక. నీళ్ల మీది గుర్రపుడెక్కని పక్కకి తోసుకుంటూ ముందుకి పోతున్నాం. చెరువు గట్టు మీద సంఘం పెద్ద నలుగురితో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు.

"మేతకండీ," అంది పిన్ని.

"దోనెలో ఎవరమ్మా?"

"గడ్డికి రోజూ కట్టే దోనేనండీ. వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు లేదండీ."

"తప్పు పడుతుందమ్మా."

"వేయండి. గేదెకి వేయండి. ఎంత చెప్పినా వినదండీ, ఆ ఇంటి పక్కకే పోయి నిలబడుతుంది."

గట్టు మీద ఆయన పక్కనున్నవాడే కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో ఏదో తెగింది. ఎదురింటావిడ చూరు కింద నుంచి కోడితో, "జాగ్రత్తగా వెళ్లి రావే, ఒళ్లు బాగుపడ్డాకే రా," అంది. చివరింటాయన సైకిలుతో, "డాక్టరు గారు మంచివాడే, భయం లేదు," అన్నాడు. కొట్టతను, ఆ కొట్టతనే, త్రాసు వైపు చూస్తూ, "పెద్దావిడకి బార్లీ నీళ్లు పట్టించాలి," అన్నాడు. బిందెలతో, చాపలతో, తలుపులతో ఊరంతా మాట్లాడుతోంది. అత్త కళ్లు తెరిచింది. రోలు లేదు కదా, దిండు వైపు తిరిగి, గాలి అందని గొంతుతో, "వెళ్లొస్తానే," అంది.

ఆటో ఉంది. ఏలూరులో మందూ అందింది. నీళ్లు తీసేసరికి అత్త తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు బతికింది.

వెలి ఎప్పుడు ముగిసిందో మాత్రం నాకు తెలియదు. తర్వాత ప్రభుత్వం యంత్రాలు పంపి కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టించింది. సంఘం చెరువు కూడా కొల్లేట్లో కలిసిపోయింది. చేను అడిగిన చెరువే లేదు, ఇంక మాకు వెలి ఎందుకు? మంగలి వచ్చాడు. కేబుల్ కుర్రాడు వచ్చి గేటుకి చుట్టిన తీగ విప్పి అతికించాడు. అందరూ మళ్లీ, "ఏమీ అనుకోకండి," అన్నారు. టముకు కొట్టించి వేసిన వెలి, టముకు లేకుండా, చప్పుడు లేకుండా జారిపోయింది. నాకు అదే ఎక్కువ అవమానం. వెలి లేని ఆ మొదటి మధ్యాహ్నం పిన్ని గేదె లేకుండా కంచె దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇవతల అత్త కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిగ్గుపడ్డారో ఏమో, ఒక్క మాట పెగల్లేదు. చివరికి పిన్ని లేచి వెళ్లి గేదెని తోలుకొచ్చి మధ్యలో కట్టింది. అప్పుడు నోళ్లు తెరిచారు.

ఇక తాడేపల్లిగూడెం కుళాయి దగ్గర నేను చెప్పిన జవాబు. చేతికి అంటిన పప్పు నెమ్మదిగా కడుక్కున్నాను. ఆయన వైపు చూడలేదు. నీళ్లు కారుతున్న కుళాయి వైపు చూస్తూ, దానితోనే అన్నాను: "ఏవండీ కుళాయి గారూ, మా ఇంటి మీద వేసిన ఆ కట్టుబాటు ఎత్తేసినట్టు ఇంతవరకూ ఎవరూ టముకు వేయించలేదండీ. అది ఇంకా అమల్లోనే ఉంది. ఇప్పుడు ఒకాయన నాతో మాట్లాడారు. ఆయన తప్పు కట్టాలి."

పక్కనున్న నా భార్య నాకు తువ్వాలు అందించింది; నవ్వుతోందో లేదో చూడలేదు.

తప్పు చేసినవాళ్లకి కాలం మరుపునిస్తుంది, పడినవాళ్లకి మాటలిస్తుంది. ఇద్దరికీ ఒకే రోజున ఇవ్వదు. అత్త పోయిన మరుసటి ఏడు, ఆమె చెప్పి పోయినట్టే, ఆ రెండెకరాలూ అమ్మేశాం. కొన్నది పిన్ని. అందులో ఇప్పటికీ వరే వేస్తున్నారు.